సీటు స్విచ్ తీసేయమన్న ఆ మెసేజ్ ఇక పంపకండి

వారంలో నాలుగోసారి వచ్చింది. డాలస్ చుట్టుపక్కల ఎకరం, రెండెకరాల స్థలాల్లో ఇళ్ళున్న మనవాళ్ళ గ్రూపులన్నిటిలోనూ అదే తిరుగుతోంది: "జీరో టర్న్ మోవర్ ఒక పక్కకి లాగుతోందా? మెకానిక్ అక్కర్లేదు, ఈ ఆరు చిట్కాలు చాలు." జీరో టర్న్ అంటే రెండు లీవర్లతో నడిపే గడ్డి కోసే బండి, ఒక్కో లీవర్ ఒక్కో వెనక చక్రాన్ని తిప్పుతుంది. పంపినవాళ్ళలో ఒక్కరైనా ఆ చిట్కాలని తమ బండి మీద చేసి చూశారా?

మొదటి చిట్కా, టైర్లు చూడక్కర్లేదు, నేరుగా లీవర్ బోల్టు తిప్పండి అని. తప్పు. మొన్న ఏప్రిల్‌లో నా బండి ఎడమకి లాగుతుంటే ముందు గేజ్ పెట్టి చూశాను. గాలి ఒత్తిడి వెనక కుడి టైరులో 12 పీఎస్ఐ, ఎడమ దాంట్లో 7. గాలి తగ్గిన టైరు అణిగి, చుట్టుకి తక్కువ దూరం పోతుంది కాబట్టి బండి అటే తిరుగుతుంది. రెండూ 12 చేశాక స్పానర్ ముట్టుకోవాల్సిన పనే పడలేదు.

రెండోది, నెమ్మదిగా తిరిగే చక్రాన్ని వేగం పెంచమంటుంది. ఆ పక్క లీవర్ ముందే చివరిదాకా పోయి ఉంటే ఇంకెక్కడ పెంచుతారు? చాలా మోడళ్ళలో వేగంగా పోయే పక్క బోల్టునే కాస్త తిప్పి తగ్గించాలి. మూడోది, న్యూట్రల్‌లో, అంటే లీవర్లు ముందుకీ వెనక్కీ కాకుండా మధ్యలో ఉన్నప్పుడు, బండి మెల్లగా పాకడం మామూలే అని. కాదు, లీవర్‌ని ట్రాన్స్‌మిషన్‌కి కలిపే కడ్డీని, అదే లింకేజీ రాడ్‌ని, సరిచేయాలన్నమాట.

ఇక నాలుగోది. నాకు కోపం తెప్పించింది ఇదే. బ్లేడ్లు తిరుగుతుండగా మీరు సీటులోంచి లేస్తే ఇంజిన్ ఆపేసేదే సీటు స్విచ్. "సీటు స్విచ్ వల్ల ఇంజిన్ ఊరికే ఆగిపోతుంది, ఆ రెండు వైర్లు కలిపి టేప్ చుట్టేయండి, ఇక గొడవ ఉండదు." గొడవ ఉండదా? మా తోడల్లుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న మోవర్‌కి ఇలాగే నల్ల టేప్ చుట్టి ఉంది, ఆయనకి తెలియదు. గడ్డిలో పిల్లల బంతి కనబడితే తీద్దామని దిగాడు. ఇంజిన్ ఆగలేదు, బ్లేడ్లు ఆగలేదు, ఆయన కాలు బ్లేడ్లుండే డెక్‌కి జానెడు దూరంలో ఉంది. నేను వరండాలోంచి అరిచాను. చెరువు గట్టు వాలులో బండి ఎగిరి మీరు కింద పడితే, బ్లేడ్లని ఆపి మిమ్మల్ని కాపాడేది ఆ స్విచ్చే. దాన్ని చిట్కా పేరుతో తీసేయమని పది మందికి ఎలా పంపబుద్ధవుతుంది?

ఒక మాట ఒప్పుకుంటాను. న్యూట్రల్ సరిచేసేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండాలి, సీటులో ఎవరూ ఉండరు, అందుకని కొన్ని మాన్యువల్స్‌లోనే సీటు కనెక్టర్‌ని తాత్కాలికంగా కలపమని ఉంటుంది. కానీ వెనక చక్రాలు రెండూ నేలకి తగలకుండా జాక్ స్టాండ్ల మీద ఉండాలి, ముందు చక్రాలకి అడ్డు పెట్టాలి, బ్లేడ్లు ఆన్ చేయకూడదు. లాక్ నట్ వదులు చేసి, చక్రం నిలిచేదాకా రాడ్‌ని కొంచెం కొంచెంగా తిప్పి, నట్ బిగించి, ఇంజిన్ ఆపి, కనెక్టర్‌ని వెంటనే యథాస్థానంలో పెట్టేయాలి. మెసేజ్‌లో ఈ జాగ్రత్తలు ఒక్కటీ లేవు.

అయిదోది, చక్రాలు తిప్పే ట్రాన్స్‌మిషన్‌లో ఉండే హైడ్రో ఆయిల్ జన్మలో మార్చక్కర్లేదని. అది మోడల్‌ని బట్టి, మాన్యువల్ చూసుకోండి.

ఆరోది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. ఆయిల్ మార్చాక లోపల గాలి మిగులుతుంది, అది పోవాలంటే బైపాస్ (ట్రాన్స్‌మిషన్‌ని చక్రాల నుంచి వదులుచేసే వాల్వ్) తెరిచి, ఇంజిన్ నడుస్తుండగా లీవర్లు మెల్లగా ముందుకీ వెనక్కీ అయిదారుసార్లు కదపాలి, తర్వాత బైపాస్ మూసి మళ్ళీ కదపాలి. ఇది తెలియక రెండేళ్ళ కిందట ట్రాన్స్‌మిషన్ పోయిందనుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఆ మెసేజ్ అప్పుడొచ్చి ఉంటే బాగుండేది.

పాత మోవర్ కొన్నవాళ్ళు ఇవాళే ఒక పని చేయండి. చదును నేల మీద, చుట్టూ ఎవరూ లేనప్పుడు, బ్లేడ్లు ఆన్ చేసి, కాళ్ళు ఫుట్‌రెస్ట్ మీదే ఉంచి సీటులోంచి కాస్త లేవండి. ఇంజిన్ ఆగాలి. ఆగకపోతే తాళం తీసి జేబులో వేసుకుని, సీటు కింద నల్ల టేప్ ఉందేమో చూడండి.