పెళ్లి బస్సు, వయా నార్వే

తప్పు నాదే. కాకపోతే పూర్తిగా నాది కాదు. ఆ మిగతా వాటా ఎవరిదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

పెళ్లి కర్నూల్లో. హైదరాబాద్ నుంచి వెళ్లాల్సిన గడపలు 61, బస్సులు మూడు. ఏ బస్సు ఎక్కడ ఆగితే ఎక్కువమందికి తక్కువ నడక? మామూలుగా దీనికి ఒకటే పద్ధతి. ఫోన్‌లో గట్టిగా అరిచే చుట్టం ఎవరో చూసుకుని వాళ్ల గేటు ముందు బస్సు పెట్టేస్తాం. ఈసారి అలా వద్దు, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేసి లెక్క ప్రకారం తేలుద్దాం అన్నది నేను. ఉచితంగా దొరుకుతుంది, లైసెన్సు గొడవ లేదు, అడుగున ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు పరుచుకోవచ్చు, అరగంట పని అన్నదీ నేనే. ఆ 'అరగంట' అన్న మాటను మా బావగారు ఈపాటికి పదకొండుసార్లు గుర్తుచేశారు.

ముందు లొకేషన్లు పోగెయ్యాలి. ఇంటి దగ్గర ఉన్నప్పుడు లొకేషన్ పెట్టండి అని గ్రూపులో రాస్తే సగం మంది లైవ్ లొకేషన్ పెట్టారు. అది పావుగంటకో, గంటకో, మహా అయితే ఎనిమిది గంటలకో ఆరిపోతుంది. ఒక పిన్ని చిలుకూరు గుళ్లో ప్రదక్షిణలు చేస్తూ పెట్టారు. ఒకాయన మ్యాపుని ఫొటో తీసి పంపారు. మరొకరు 'మా ఇల్లు తెలుసుగా' అని వాయిస్ మెసేజ్. ఇదంతా ఎలా ఒడ్డున పడిందో రాయను, బీపీ పెరుగుతుంది. మొత్తానికి ఒక స్ప్రెడ్‌షీట్ తయారైంది. అందరికీ అర్థం కావాలని కాలమ్ పేర్లు తెలుగులో పెట్టమన్నది బావగారు. పేరు, అక్షాంశం, రేఖాంశం, మనుషులు. నాలుగే కాలమ్‌లు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

తెలుగు అక్షరాలున్న షీటును సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా, దాచేటప్పుడు యూటీఎఫ్-8 రకం ఎంచుకోవాలి. లేకపోతే చుట్టాలందరూ ప్రశ్నార్థకాలైపోతారు. అది నేను సరిగ్గానే చేశాను. చేసిన పనులు కూడా చెప్పుకోవాలి కదా.

తర్వాత క్యూజీఐఎస్‌లో లేయర్ మెనూ, యాడ్ లేయర్, యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్. ఫైలు చూపించగానే ఎక్స్ ఫీల్డ్ ఏది, వై ఫీల్డ్ ఏది అని అడుగుతుంది. కాలమ్ పేర్లు ఇంగ్లిషులో లాట్, లాన్ అని ఉంటే అదే పోల్చుకుని సరిగ్గా నింపేస్తుంది. 'అక్షాంశం' అంటే దానికేం తెలుస్తుంది పాపం. మనమే ఎంచుకోవాలి. ఎక్స్ ముందు, వై తర్వాత. అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత. అంతేగా? ఎక్స్‌కి అక్షాంశం, వైకి రేఖాంశం పెట్టి, ఈపీఎస్‌జీ 4326, అంటే మామూలు అక్షాంశ రేఖాంశాల పద్ధతికి ఉన్న కోడ్, ఉందని చూసుకుని, యాడ్ నొక్కాను.

అలా కాదు. ఎక్స్ అంటే అడ్డం, వై అంటే నిలువు. తూర్పు పడమరలు కొలిచేది రేఖాంశం కాబట్టి ఎక్స్ అదే. కానీ లోకమంతా నోటితో అనేది 'లాట్-లాంగ్' అని, బళ్లో నేర్పింది 'అక్షాంశ రేఖాంశాలు' అని. ఫోన్ మ్యాపులో కాపీ కొడితే అక్షాంశం ముందొస్తుంది. జియోజేసన్ అనే మ్యాపు ఫైల్లో రేఖాంశం ముందు రాయాలి. కేఎంఎల్ అనే ఇంకో రకం మ్యాపు ఫైల్లోనూ రేఖాంశమే ముందు. ఈపీఎస్‌జీ 4326 అసలు నిర్వచనం తెరిస్తే అక్కడ మళ్లీ అక్షాంశం ముందు! భూగోళాన్ని సెంటీమీటర్లలో కొలిచే మహానుభావులు, రెండు అంకెల్లో ఏది ముందు రాయాలో కూర్చుని తేల్చుకోలేకపోయారు.

ఇంకో దురదృష్టం కూడా ఉంది. అక్షాంశం 90 దాటదు. జపాన్‌లోనో అమెరికా పడమటి తీరంలోనో అంకెలు తారుమారైతే అక్షాంశం 139 అనో, మైనస్ 122 అనో వస్తుంది. అలాంటి చోటు భూమ్మీదే ఉండదు కాబట్టి వెంటనే దొరికిపోతుంది. మన రెండు రాష్ట్రాల్లో రేఖాంశం దాదాపు 77 నుంచి 85 లోపు. అంటే తిరగేసినా చెల్లుబాటయ్యే చోటే వస్తుంది. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు. మన దగ్గర ఎక్కడైనా సరే పెద్ద అంకె ఎక్స్, చిన్న అంకె వై. ఈ వాక్యాన్ని మానిటర్‌కి అంటించుకోవచ్చు. నేను నిన్న అంటించాను.

చుక్కలు పడ్డాయి. నెట్ నత్తనడక నడుస్తుంటే అడుగున మ్యాపు ఆపేసి, తెల్ల కాగితం మీద చుక్కలతోనే పని కానిచ్చాను. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో దగ్గరి చుక్కల్ని గుంపులు కట్టే కే-మీన్స్ క్లస్టరింగ్, గుంపులు మూడు. వచ్చిన పరిమాణాలు: 34, 26, 1.

ఒకటి! ఒక బాబాయికి ఒక్కడికే బస్సు. చూస్తే ఆయన గడిలో అంకెల బదులు రెండు సున్నాలున్నాయి. సున్నా, సున్నా అంటే ఆఫ్రికా పక్కన గినియా సింధుశాఖలో నడిసముద్రం. ఈ రంగంలో వాళ్లు దాన్ని 'నల్ ఐలండ్' అంటారు. దీవి గీవి ఏమీ ఉండదు, ఖాళీ గడులన్నీ చేరే చోటు. కే-మీన్స్‌కి మొహమాటం లేదు కాబట్టి అంత దూరంలో ఉన్నవాణ్ణి ఎవరితోనూ కలపదు, విడిగా గుంపు కట్టేస్తుంది. బాబాయిని సముద్రంలోంచి తీసి అత్తాపూర్‌లో పెట్టాను. ఈసారి 24, 19, 18. ఎంత ముచ్చటగా ఉంది! తప్పు ఉంది, దొరికింది, దిద్దాం. అసలు ప్రమాదం ఇక్కడే. చిన్న దొంగ దొరికితే పెద్ద దొంగ కోసం ఎవరూ వెతకరు.

పెద్ద తప్పు పట్టుబడకపోవడానికి కారణం కూడా చెబుతాను, వినడానికి బాగుంటుంది. ఎక్స్, వై తారుమారు చేస్తే ఊరు అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది తప్ప, డిగ్రీల్లో చుక్కకీ చుక్కకీ మధ్య దూరం ఏమాత్రం మారదు. కాబట్టి ఎవరు ఎవరితో కలవాలో ఆ గుంపులన్నీ సరిగ్గానే వచ్చాయి. పద్ధతిగా డిగ్రీల బదులు మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర మండలంలోకి, అంటే ఈపీఎస్‌జీ 32644లోకి మార్చి ఉంటే ఈస్టింగ్ అంకెలు, అంటే తూర్పు వైపు కొలిచే మీటర్లు, మైనస్‌లోకి పోయి గుట్టు రట్టయ్యేది. హైదరాబాద్ దగ్గర ఒక డిగ్రీ అడ్డంగా 106 కిలోమీటర్లు, నిలువుగా దాదాపు 111, ఈ మాత్రం తేడాకి ఎందుకులే అని బద్ధకించాను.

తెల్ల కాగితం మీద హైదరాబాద్ ఎలా ఉందో తర్వాత చూసుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాయవ్యంలో ఉండాల్సిన మియాపూర్ ఆగ్నేయంలో పడింది. ఎల్బీనగర్ వాయవ్యానికి ఎక్కింది. చిత్రమేమిటంటే ఈశాన్యం మాత్రం కదల్లేదు. ఈసీఐఎల్ వాళ్లు ఈశాన్యంలోనే ఉన్నారు, అత్తాపూర్ బాబాయి నైరుతిలోనే ఉన్నాడు. అందుకే కాబోలు, పక్కన కూర్చున్న వాస్తు తెలిసిన పెద్దనాన్న కూడా ఏమీ అనలేదు.

మీన్ కోఆర్డినేట్స్ అనే పనిముట్టు ఒకటుంది. వెయిట్ ఫీల్డ్‌లో 'మనుషులు', యూనిక్ ఐడీ ఫీల్డ్‌లో క్లస్టర్ ఐడీ ఇస్తే, ఒక్కో గుంపుకి మనుషుల బరువును బట్టి నడిమి బిందువు తీసిస్తుంది. అవే బస్సు ఎక్కే చోట్లు. మూడు బిందువులు, నాలుగోది కర్నూలు కల్యాణమండపం. కేఎంఎల్‌గా దాచాను. ఒకసారి ఫోన్‌లో తెరిచి చూసుకుని పంపుదాం అనుకుంటూ ఉండగానే మా బావగారు 'చూసేదేముంది, పంపు పంపు' అని నా చేతిలోంచి తీసుకుని గ్రూపులోకి, బస్సువాళ్లకి, మేళం వాళ్లకి తోసేశారు.

హైదరాబాద్ 17.38, 78.49. తిరగేస్తే ఉత్తర అక్షాంశం 78.49, తూర్పు రేఖాంశం 17.38. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవులు. ఉత్తర ధ్రువానికి ఇక మిగిలింది సుమారు 1,300 కిలోమీటర్లే.

మా చుట్టాలు ఎక్కాల్సిన మూడు స్టాపులూ హిమానీనదాల నడుమ వరసగా నిలబడ్డాయి. కర్నూలు మండపం అక్కడి ముఖ్యపట్టణం లాంగ్‌యియర్‌బ్యెన్‌కి దక్షిణాన ఇరవై కిలోమీటర్లలో పడింది. పక్షి దారిన హైదరాబాద్ నుంచి కర్నూలు దాదాపు 180 కిలోమీటర్లు. స్వాల్‌బార్డ్‌లో అదే ప్రయాణం 60 చిల్లర! అంత ఉత్తరాన రేఖాంశాలు దగ్గరపడి, ఒక డిగ్రీ 22 కిలోమీటర్లకు కుంచించుకుపోతుంది కాబట్టి. డీజిల్ ఎంత ఆదా. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదన్న ఒక్క లోటు తప్ప. ఊరు దాటితే ధ్రువపు ఎలుగుబంట్ల భయానికి తుపాకీ వెంట ఉంచుకోమంటారు. బస్సుకొకటి చొప్పున మూడు. విడిది సమస్య కూడా పెద్దగా లేదు. అదే దీవిలో నీ-ఆలెసుండ్‌లో మన ప్రభుత్వానిదే 'హిమాద్రి' అని పరిశోధన కేంద్రం 2008 నుంచీ ఉంది. ఆడపెళ్లివారిని అందులో దింపితే కాఫీలు సమయానికి అందలేదన్న మాట రాదు.

చిక్కల్లా ముహూర్తంతోనే. అక్కడ అక్టోబర్ ఆఖర్నుంచి ఫిబ్రవరి సగం దాకా సూర్యుడు పొడవడు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకి ఆ తిథి అంటాం. పొద్దే పొడవకపోతే? కార్తీకం నుంచి మాఘం దాకా ఒకే తిథి నడుస్తుందా? అది ఖర్మకాలి ఏకాదశి అయితే ఉపవాసం నాలుగు నెలలా? పురోహితుడి కోణంలో చూస్తే మాత్రం అంతకంటే మంచి ఊరు లేదు. ఇక్కడ పట్టపగలు పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి ఆకాశంలోకి వేలు చూపించి 'అరుంధతి కనిపించిందా?' అంటారు. కొత్త దంపతులు తమ మొదటి ఉమ్మడి అబద్ధంగా 'ఆఁ, కనిపించింది' అంటారు. 78 డిగ్రీల ఉత్తరాన సప్తర్షి మండలం అస్తమించదు. చలికాలమైతే మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి కూడా, మబ్బు లేకపోతే చాలు, అరుంధతి నిజంగానే కనిపిస్తుంది.

ఇవన్నీ ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను గానీ, ఆ సమయానికి నేను ఫోన్ తిరగేసి బల్ల మీద పెట్టి మంచినీళ్లు తాగుతున్నాను. గ్రూపులో మొదటి జవాబు ఒక అత్తయ్యది. 'మాకు దగ్గర్లో ఇంకేదైనా స్టాపు ఉందా నాన్నా?' తర్వాత ఒక తెలుపు ఎలుగుబంటి బొమ్మ. తర్వాత పద్నాలుగు ఎలుగుబంటి బొమ్మలు. ఆ తర్వాత బస్సు డ్రైవర్ ఫోన్.

"సార్, స్టాపు చూసినా. నార్వే అని పడుతుంది. నార్సింగి కాడనా?"

కాదన్నాను.

"మా బండికి ఏపీ పర్మిట్ ఉంది సార్. దీనికి ఏ పర్మిట్ తియ్యాల్నో చెప్పుండ్రి, ఆఫీసుల అడుగుతా."

దిద్దుబాటు నిమిషం పని. టూల్‌బాక్స్‌లో 'స్వాప్ ఎక్స్ అండ్ వై కోఆర్డినేట్స్' అని ప్రత్యేకంగా ఒక పనిముట్టే ఉంది. నొక్కగానే చుక్కలన్నీ స్వాల్‌బార్డ్ నుంచి లేచొచ్చి హైదరాబాద్‌లో వాలతాయి. దీనికంటూ ఒక పనిముట్టు చేసిపెట్టారంటే ఈ తప్పు చేసినవాళ్లు ప్రపంచంలో ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు. ఈ ముక్క నేను గ్రూపులో రాశాను. ఎవరూ లైక్ కొట్టలేదు. దిద్దాక వచ్చేది తాత్కాలిక లేయరు, పక్కన చిన్న చిప్ గుర్తు ఉంటుంది. దాచుకోకుండా క్యూజీఐఎస్ మూసేస్తే పోతుంది. అలా ఒకసారి పోగొట్టుకుని మళ్లీ చేశాను, అది బావగారికి తెలియదు.

కొత్త కేఎంఎల్ తీశాను. ఈసారి అడుగున ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వేసి, ఒక్కో బిందువునీ దగ్గరికి జూమ్ చేసి చూస్తున్నాను. మొదటిది కూకట్‌పల్లిలో మెయిన్ రోడ్డుకి కాస్త ఎడంగా, సరే. రెండోది దిల్‌సుఖ్‌నగర్ దగ్గర, బ్రహ్మాండం. మూడో బస్సుకి బేగంపేట, సికింద్రాబాద్, కవాడిగూడ, హిమాయత్‌నగర్, ఖైరతాబాద్ చుట్టాలు ఉన్నారు. ఈ ఊళ్లన్నీ గుండ్రంగా దేని చుట్టూ ఉన్నాయో ఒక్కసారి ఆలోచించండి. నడిమి బిందువు తీసే లెక్కకి నీళ్లూ నేలా తేడా తెలియదు. హుస్సేన్ సాగర్ మధ్యలో, 1990లో మునిగి 1992లో పైకి లేచిన బుద్ధ విగ్రహానికి కొంచెం పక్కగా, నీళ్లలో నీలం చుక్క.

దాన్ని పట్టి ట్యాంక్‌బండ్ రోడ్డు మీదకి జరుపుదామని పెన్సిల్ గుర్తు నొక్కేలోపే, వెనక నుంచి బావగారి చెయ్యి వచ్చింది. 'దిద్దేశావుగా, ఇంకా చూసేదేముంది.'

డ్రైవర్ మళ్లీ ఫోన్ చేస్తున్నాడు. ఎత్తడం లేదు.