సవరణ: 11+ వార్మప్‌తో సగానికి తగ్గేవి ఏ గాయాలు?

పోయిన పోస్టులో "ఫిఫా 11+ వార్మప్ చేస్తే ఫుట్‌బాల్ గాయాలు సగానికి తగ్గుతాయి" అని ఉంది. (11+ అంటే గాయాలు తగ్గించడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా తెచ్చిన వ్యాయామాల వరుస.) ఆ మాటను "తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి" అని చదువుకోండి. దీనికి ఆధారమైన పరిశోధన 2008లో అచ్చయింది; అది నార్వేలో 13–17 ఏళ్ల అమ్మాయిల మీద జరిగింది. 1,892 మంది ఆడారు. మొత్తం గాయాలు తగ్గింది మూడో వంతు దాకా. కాళ్ల గాయాలను విడిగా చూస్తే తగ్గుదల కనిపించింది గానీ, గట్టిగా తేల్చి చెప్పేంత కాదు. అయినా ఖర్చులేని పనికి ఇంత ఫలితం చిన్నదేమీ కాదు.

అనంతపురం కోచ్‌లు కొందరు "ఆదివారం మ్యాచ్‌కు ముందు ఒక్కసారి చేయిస్తే చాలదా?" అని అడిగారు. చాలదు. వారానికి కనీసం రెండుసార్లు, ప్రాక్టీసు మొదట్లోనే, 20 నిమిషాలు చేయించాలి. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా చూడండి, అసలు కిటుకు అక్కడుంది. తొడ వెనక కండరాలకు మోకాళ్ల మీద నిలబడి చేసే నార్డిక్ వ్యాయామంలో వెనక ఒకరు మడమల దగ్గర గట్టిగా అదిమి పట్టుకోవాలి, పిల్లవాడు నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలాలి. మన గరుసు నేల మీద మోకాళ్ల కింద గోనెసంచి మడిచి వేయండి. అమ్మాయిల జట్లను మాత్రం వదిలేయకండి, ఆ లెక్కలు వచ్చిందే వాళ్ల ఆట నుంచి.