వరస తప్పిన వైద్యం

'మీలోని పసిబిడ్డను కలుసుకోండి', 'రెండు రోజుల్లో బాల్యగాయాల నుంచి విముక్తి'. ఇలాంటి వీకెండ్ వర్క్‌షాపుల ప్రకటనలు ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు. లైట్లు తగ్గించిన హాల్లో పదుల మందిని కళ్లు మూసుకోమంటారు, చిన్నప్పటి అతి పెద్ద బాధను తలుచుకోమంటారు. ఏడుపులు మొదలవుతాయి. ఏడ్చినవాళ్లకు నయమైపోయిందని చెప్పి ఆదివారం సాయంత్రం ఇంటికి పంపేస్తారు. సోమవారం రాత్రి నిద్రపట్టక లేచి కూర్చున్న మనిషికి ఫోన్ చేసే నంబర్ కూడా ఉండదు. దీన్ని వైద్యం అనడం తప్పు.

బాల్యంలో పడ్డ దెబ్బ పెద్దయ్యాక కూడా వెంటాడుతుందా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. అమెరికాలో ఫెలిటీ, ఆండా బృందం 1998లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాల కష్టాలు చిన్నతనంలో చూసినవారికి మద్యం, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. మన దేశంలో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి 2007లో నివేదిక ఇచ్చింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఒంటిమీద దెబ్బలు తిన్నవాళ్లే.

వీధి మలుపులో నాన్న బండి చప్పుడు వినగానే టీవీ కట్టేసి పుస్తకం ముందు కూర్చునే పిల్లవాణ్ణి చూడండి. ఆ చప్పుడుకీ తలుపు తెరుచుకోవడానికీ మధ్య ఉన్నది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో చెవులు రిక్కించుకుంటాయి, కడుపు బిగుస్తుంది, ఊపిరి పైపైనే ఆగిపోతుంది. ఏళ్ల తరబడి రోజూ ఇదే జరిగితే ఒళ్లు దీన్ని నేర్చేసుకుంటుంది. అతనికి ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక మేనేజర్ 'ఒకసారి కాల్ చెయ్' అని మెసేజ్ పెడితే అదే కడుపు అలాగే బిగుస్తుంది. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగం అమిగ్డలాకు కేలండర్ తెలియదు. 'అయిందేదో అయింది, మర్చిపో' అన్న సలహా అక్కడిదాకా చేరదు.

కాబట్టి బాగుచేసే పని కూడా ఒంటి నుంచే మొదలవ్వాలి, వరస ప్రకారం సాగాలి. మొదటిది భద్రత. గాయం జ్ఞాపకం జోలికే పోని దశ ఇది. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం: పూటకు ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. కళ్లు తెరిచే ఉంచాలి. హింస చూసినవారిలో చాలామందికి కళ్లు మూయగానే ఆ దృశ్యమే ముందుకొస్తుంది. పాదాలు నేలకు ఆనించి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పాలి. ఒక నోటుపుస్తకంలో ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, సున్నా నుంచి పది వరకు ఎంత తీవ్రత అని మూడు గళ్లు గీసి రాసుకోవాలి. ఎనిమిదికి వెళ్లిన ఉలికిపాటును తనంతట తాను నాలుగుకు దించుకోగలిగే వరకు రెండో దశకు వెళ్లకూడదు. కొందరికి మూడు వారాలు పడుతుంది, కొందరికి ఆరు నెలలు.

రెండోది జ్ఞాపకం. ట్రామా (మానసిక గాయం) మీద కేంద్రీకరించిన సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననూ మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలుచుకునే చికిత్స) పద్ధతులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సిఫారసు చేసింది. పిల్లలకైతే సీబీటీ మామూలుగా 12 నుంచి 16 సెషన్లు. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మొదటి సెషన్‌లోనే అంతా చెప్పించుకునే థెరపిస్టు దగ్గర మనిషి మొద్దుబారిపోతాడు, మళ్లీ రాడు. హిప్నాసిస్‌తో 'దాగిన జ్ఞాపకాలు' బయటకు లాగే ప్రయత్నంలో జరగని సంఘటనలు కూడా నిజంలా పుట్టుకొస్తాయి. బెంజోడయజెపైన్ రకం నిద్రమాత్రలు ఆ రాత్రి గడిపిస్తాయి, అలవాటుగా మారతాయి, గాయాన్ని ముట్టుకోవు.

అమ్మానాన్నల్ని నిలదీయడం మూడో దశ పని. మొదటి నెలలోనే ఫోన్ చేస్తే వచ్చే జవాబు తెలిసిందే: 'నీకేం తక్కువ చేశాం?' ఆ ఒక్క మాటకు నెలరోజుల శ్రమ కూలిపోతుంది. థెరపిస్టును ఎంచుకునేటప్పుడు ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. 'సెషన్ మధ్యలో నేను తట్టుకోలేకపోతే మీరేం చేస్తారు?' అని కూడా అడగండి. రెండో ప్రశ్నకు తడబడితే లేచి వచ్చేయండి.

'మేమూ తన్నులు తినే పెరిగాం, ఏమైంది మాకు? మొక్కై వంగనిది మానై వంగునా?' అంటారు పెద్దలు. చాలామంది నిజంగానే నిలబడ్డారు, కాదనను. వాళ్లను నిలబెట్టింది దెబ్బలు మాత్రం కాదు. దెబ్బ పడిన రాత్రి వెన్నపూస రాసి పక్కన పడుకోబెట్టుకున్న అమ్మమ్మ ఒకరుండేది. ఆ అమ్మమ్మ లేని చోటికే ఇప్పుడు పిల్లల్ని పంపుతున్నాం.

రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల సంగతే చెబుతున్నాను. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. కానీ ఆ చట్టం దృష్టిలో బిడ్డంటే 6 నుంచి 14 ఏళ్లు. పదహారేళ్ల ఇంటర్ పిల్ల ఆ లెక్కలోకి రాదు. ఆదివారం పరీక్ష మార్కులు గోడకు అంటించి, సోమవారం పెట్టె సర్దుకుని కింది సెక్షన్‌కు వెళ్లమంటే ఆ పిల్లకు అవమానం ఎక్కడ తగులుతుందో ఆమె ఒంటికి తెలుసు. వరండా వెంట పెట్టె ఈడ్చుకెళ్లిన చప్పుడు ఇరవై ఏళ్ల తర్వాత కూడా వినిపిస్తుంది. పెద్దవాళ్ల గాయాలకు వర్క్‌షాపులు పెట్టుకుంటూ, కొత్త గాయాలకు ఏడాది ఫీజు ముందే కడుతున్నాం.

విశాఖలో చనిపోయిన నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాలు దీన్ని నేరుగా తాకాయి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం వీలైనంత వరకు మానుకోవాలన్నది. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలన్నది. కాగితం మీద కౌన్సెలర్‌ను చూపించడం తేలిక. ఫ్లోర్ ఇన్‌ఛార్జికే ఆ బోర్డు తగిలిస్తే పిల్లలెవరూ నోరు విప్పరు. అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు రాయితీ కోసం గంటసేపు బేరమాడే తల్లిదండ్రులు ఇంకో పది నిమిషాలు కూర్చుని అడగాలి: కౌన్సెలర్ పేరేంటి? ఆమె గదికి తలుపు ఉందా? మా పిల్ల అక్కడ చెప్పిన మాట ప్రిన్సిపాల్ టేబుల్ మీదికి వెళ్తుందా?