అది బీవర్ కాదు మహాప్రభో, నీటికుక్క!

పొద్దున్నుంచి ప్రతి గ్రూపులోనూ అదే రీలు. స్కాట్లాండ్‌లో నాప్‌డేల్ అడవిలోని ఓ సరస్సు, గట్టంతా మంచు, నోట్లో చేపతో ఓ జంతువు. కింద పెద్దక్షరాలతో "బీవర్ వేట చూడండి ఫ్రెండ్స్!" వేటా? బీవరంటే పళ్ళతో చెట్లు కొరికి, వాగులకి అడ్డుకట్టలు కట్టే పెద్ద ఎలుక జాతి జంతువు. శుద్ధ శాకాహారి స్వామీ! ఎండాకాలంలో ఆకూ అలమూ, కలువ దుంపలు. చలికాలంలో చెట్టు బెరడు. చేపని ముక్కు దగ్గర పెట్టినా ముట్టదు.

తోక చూసినా తెలియదా? బీవర్‌ది పొలుసులతో, అప్పడాల పీటలా వెడల్పుగా ఉంటుంది. ఆ రీల్లోది మొదట్లో లావుగా ఉండి, చివరికి సన్నబడే తోక. పైగా తీసింది మిట్టమధ్యాహ్నం. బీవర్లు బయటికొచ్చేది మునిమాపు వేళ. డిసెంబరులో అక్కడ నాలుగు కొట్టకముందే పొద్దు గుంకుతుంది. పన్నెండింటికి కారు దిగి, రెండింటికల్లా ఎక్కేసి "ఏమీ లేదు, వేస్ట్ ప్లేస్" అని ఒక్క స్టార్ పడేసే మహానుభావులకి ఓ దండం.

ఏమీ లేకపోవడమేంటి? చలికాలమంతా నిద్రపోయే జంతువు కాదది. చలి ముదరకముందే కొమ్మలు కొరికి, ఇంటి గుమ్మం దగ్గర నీటి అడుగున బురదలో గుచ్చి దాస్తుంది. పైన నీళ్ళు గడ్డకట్టినా కింది నుంచే ఈదొచ్చి తినిపోతుంది. మన ఆవకాయ జాడీ అనుకోండి. అది ఇల్లుగా కట్టుకున్న పుల్లల గుట్ట మీద అంతటా మంచుండి, నెత్తిన మాత్రం కరిగిపోయి, సన్నగా ఆవిరి లేస్తోందంటే లోపల సంసారం ఉన్నట్టే. గట్టున పెన్సిల్ చెక్కినట్టున్న మొద్దులు, వాటి చుట్టూ చెక్కపేళ్ళు. పేళ్ళు తెల్లగా ఉంటే తాజా కోత, నల్లబడితే పాతది. ఇవి చూడ్డానికి కళ్ళు కావాలి, డ్రోన్ కాదు.

కామెంట్లు ఇంకా ఘోరం. "చేపలన్నీ ఇవే తినేస్తున్నాయి, చంపెయ్యాలి" అట! ఆల్రెడీ ఓసారి చంపేశారు బాబూ. బొచ్చు కోసం, ఒంట్లోని కస్తూరి లాంటి పదార్థం కోసం 16వ శతాబ్దానికల్లా స్కాట్లాండ్‌లో ఒక్కటి మిగల్లేదు. 2009లో నార్వే నుంచి తెచ్చి నాప్‌డేల్‌లో వదిలారు. 2019 మే 1న రక్షిత జాతి అన్నారు. అని, అవి కట్టే అడ్డుకట్టలతో పొలాలు మునుగుతున్నాయంటూ ఆ ఏడాది మిగిలిన నెలల్లోనే లైసెన్సులిచ్చి దేశంలో 87 బీవర్లని చంపించారు. రక్షణంటే అలా ఉండాలి మరి!

అసలు కడుపుమంట ఇది కాదు. ఆ రీల్లోని నీటికుక్క చుట్టాలు కాకినాడ పక్కనే కోరింగ మడ అడవుల్లో గుంపులుగా తిరుగుతుంటాయి. పడవెక్కి సెల్ఫీలు దిగి రావడమే తప్ప వాటి పేరడిగినవాళ్ళెవరు? అక్కడే ఉండే బావురుపిల్లిని చూపిస్తే "చిరుత పిల్లా అండీ?" అంటారు. ఇంటి పక్కదాన్ని గుర్తుపట్టలేనివాళ్ళు ఖండం దాటి వెళ్ళి దాన్నే బీవర్ అనడంలో వింతేముంది!

ఇప్పుడే చూశాను. రీలు తీసెయ్యలేదు సరికదా, క్యాప్షన్ పక్కన ఇంకో చేప బొమ్మ కూడా పెట్టారు.