లంచం అడిగినవాడు దర్జాగా ఉంటాడు, రికార్డ్ చేసినవాడికి చెమటలు

ఆఫీసర్ మాటల్ని ఆయనకు చెప్పకుండా రికార్డ్ చేస్తే లోపలేస్తారని మనవాళ్లలో ఒక భయం పాతుకుపోయింది. పాస్‌బుక్ కోసం చెప్పులరిగేలా తిరిగే రైతు దగ్గర్నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దాకా అందరిదీ అదే టెన్షన్. ఆ భయం ఎవరికి లాభమో వేరే చెప్పక్కర్లేదు.

మీరు పాల్గొన్న సంభాషణను మీరే రికార్డ్ చేసుకోవడం నేరమని విడిగా చెప్పే సెక్షన్ మన చట్టాల్లో లేదు. ఇది నిన్నా మొన్నా తేలిన విషయం కూడా కాదు. బొంబాయిలో ఆర్.ఎం. మల్కానీ అనే కరోనర్, అంటే అనుమానాస్పద మరణాల మీద విచారణ చేసే అధికారి, ఒక డాక్టర్ని డబ్బులడిగాడు. మధ్యలో మాట్లాడిన ఇంకో డాక్టర్ ఫోన్‌కి పోలీసులు టేప్ రికార్డర్ తగిలించారు, ఆయన ఒప్పుకున్నాకే. నాకు తెలియకుండా చేశారు, టెలిగ్రాఫ్ చట్టానికి విరుద్ధం అని మల్కానీ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. మాట్లాడే ఇద్దరిలో ఒకరు ఇష్టపడి రికార్డ్ చేయిస్తే తప్పు లేదని 1972లోనే కోర్టు ఆ వాదన కొట్టేసింది.

మీరు లేని సంభాషణను దొంగతనంగా వినడం వేరే సంగతి. భార్య ఫోన్ మాటలు రహస్యంగా రికార్డ్ చేసి కోర్టుకు తెచ్చిన భర్తకు 2008లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే గట్టిగా చెప్పింది, అది ఆమె గోప్యతలోకి చొరబడటమే అని. ఆఫీసర్ టేబుల్ కింద ఫోన్ వదిలేసి బయటికొచ్చే తెలివితేటలు కూడా ఈ కోవలోకే వస్తాయి, వద్దు.

ఇక ఫోన్ బయటికి తీయగానే వినిపించే బెదిరింపు ‘విధులకు ఆటంకం’. అయ్యా, భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ దాడి గురించి, బలప్రయోగం గురించి. జేబులో నిశ్శబ్దంగా నడుస్తున్న రికార్డర్ ఎవరి మీద చెయ్యి చేసుకుంది? పోలీస్ స్టేషన్లో వీడియో తీసినందుకు ఒకాయన మీద ఏకంగా అధికార రహస్యాల చట్టం కింద కేసు పెడితే, స్టేషన్ ఆ చట్టంలోని నిషిద్ధ ప్రదేశాల జాబితాలో లేదని 2022లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ కేసు కొట్టేసింది. అంతెందుకు, ప్రతి స్టేషన్లో సీసీ కెమెరాలు పెట్టాలి, మాటలు కూడా రికార్డవ్వాలి అని 2020లో సుప్రీంకోర్టే ఆదేశించింది. కోర్టు హాల్లో మాత్రం ఈ సాహసం చేయకండి, అక్కడి రూల్స్ వేరు.

అసలు ప్రమాదం ఎక్కడుందో ఎవరూ చెప్పరు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడు కూడా నేరస్తుడే. బలవంతం మీద ఇచ్చాను అనాలంటే 7 రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెప్పాలి. డబ్బులిస్తూ వీడియో తీసి, పని అయ్యాక చూద్దాంలే అని ఫోన్లో దాచుకుంటే ఆ వీడియోలో సాక్ష్యం మీ మీద కూడా ఉన్నట్టే. స్టింగ్ ఆపరేషన్ చేశాం కాబట్టి మమ్మల్ని వదిలేయండి అన్నవాళ్లకు కూడా 2014లో రజత్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు ఊరట ఇవ్వలేదు. అందుకే ఇవ్వకముందే ఏసీబీకి ఫోన్ చేయండి, తెలంగాణలో 1064. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూయడం, తర్వాత సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లతో చేతులు కడిగిస్తే అవి గులాబీ రంగుకు తిరగడం, అదంతా వాళ్ల పని.

రెండోది, వాట్సాప్‌లో నలుగురికీ పంపి ఒరిజినల్ డిలీట్ చేసేవాళ్లు. కాపీ కోర్టులో నిలబడాలంటే 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, ఫైల్ హ్యాష్ విలువతో సహా, అంటే ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్‌తో. ముందూ వెనకా కత్తిరించి, మీకు అనుకూలమైన ముక్క మాత్రం ఉంచుకుంటే అవతలి లాయర్‌కి పండగే. ఫోన్ మార్చకండి, ఫైల్ ముట్టుకోకండి.

కౌంటర్ ముందు నిలబడి క్లర్క్ మొహం మీద కెమెరా పెట్టి, ‘ఫ్రెండ్స్, చూడండి’ అంటూ రీల్స్ చేసే బ్యాచ్ అంటే నాకు ఒళ్లు మంట. పక్కన వితంతు పెన్షన్ కోసం వచ్చిన ముసలమ్మ ఆధార్ కాగితం కూడా ఫ్రేమ్‌లో పడుతుంది. ఆమె ఏం పాపం చేసింది? ఆధారం కోసం రికార్డ్ చేయడానికీ వ్యూస్ కోసం చేయడానికీ చాలా తేడా ఉంది. రూల్ ప్రకారం పనిచేసే ఆఫీసర్లు కూడా నోరు విప్పడానికి భయపడుతున్నది ఈ బ్యాచ్ వల్లే.

లంచగొండులు మాత్రం ఎప్పుడో జాగ్రత్తపడ్డారు. నేను వెళ్లిన ఒక ఆఫీసులో గుమ్మం దగ్గరే అటెండర్ ప్లాస్టిక్ ట్రేలో ఫోన్లు పెట్టించుకుంటాడు. లోపల సారు నోటితో అంకె చెప్పడు. క్యాలిక్యులేటర్ మీద నొక్కి మీ వైపు తిప్పుతాడు, మీరు చూడగానే చెరిపేస్తాడు, ఆ తర్వాత ‘బయట డాక్యుమెంట్ రైటర్‌ని కలవండి’ అంటాడు. అందుకే ఆ రైటర్ దగ్గర జరిగే మాటల్ని వదలొద్దంటాను. అక్కడ ట్రే ఉండదు, అంకె నోటితోనే చెప్తారు, పైగా అందులో సారుకెంతో కూడా విడమరిచి మరీ చెప్తారు.