సిగ్గుకి నూటికి 85 మార్కులు

బెంగళూరులో చదువుకుంటున్న మన పిల్లల నడవడి గురించి ఊళ్లో పెద్దలు బెంగ పెట్టుకోవాల్సిన పని లేదని ముందుగా మనవి. మారతహళ్ళి, బీటీఎం లేఔట్, మడివాళ, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో ఉన్నవాళ్లు పద్దెనిమిది నిండి, ఓటు హక్కొచ్చిన వాళ్లే. అయినా రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసి "తిన్నావా నాన్నా?" అంటే "పప్పుచారు, అప్పడం" అని బుద్ధిగా చెబుతున్నారు. అమ్మ అడగనిది వాళ్లు చెప్పరు. వాళ్లు చెప్పనిది లోకంలో జరగదు. మన పరువు ఇంతకాలం ఈ ఒప్పందం మీదే నిలబడింది.

గర్భం రాకుండా చూసుకునే పద్ధతులు లోకంలో చాలా ఉన్నాయి. వాటికి మార్కులు వేసే తీరు కూడా ఉంది: ఒక పద్ధతిని నమ్ముకున్న నూరుమంది ఆడవాళ్లలో ఏడాది తిరిగేసరికి ఎందరికి గర్భం వస్తుందని లెక్కపెడతారు. కండోమ్‌ని ప్రతిసారీ, మొదటి నుంచి చివరిదాకా, సరిగ్గా వాడితే 2. మామూలు మనుషులు వాడినట్టు, ఒకసారి మరిచిపోయి ఒకసారి తొందరపడి వాడితే 13. చివరి క్షణంలో బయటికి తీసేస్తాననే ధీరులకి 20. ఏమీ వాడకపోతే 85. మనవాళ్లు తరతరాలుగా పాటిస్తున్న సిగ్గు పద్ధతికి ఈ ఆఖరి గడిలో చోటు దొరికింది. నూటికి 85! బీటెక్‌లో ఇన్ని మార్కులొస్తే ఊళ్లో ఫ్లెక్సీ కట్టిస్తాం. ఇక్కడ మాత్రం ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి తీసుకెళతాం.

ఈ పద్ధతికి అసలైన ప్రయోగశాల మెడికల్ షాపు. అక్కడ మనవాడి ప్రవర్తన గమనించండి. ముందు షాపు దాటి వెళ్లిపోతాడు. తిరిగొస్తూ లోపల ఆడవాళ్లున్నారా, పెద్దవాళ్లున్నారా, మనవాళ్లున్నారా అని చూస్తాడు. అంతా ఖాళీ అయ్యాక లోపలికి వెళతాడు. కౌంటర్ వెనకున్నాయన మొహం చూసే పోల్చుకుని, స్వచ్ఛమైన తెలుగులో "ఏం కావాలి తమ్ముడూ?" అంటాడు. బెంగళూరులో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అంతే, మనవాడు ఒక డోలో 650 షీటు కొనుక్కుని బయటపడతాడు. (ఆ డోలో తయారుచేసేది బెంగళూరు కంపెనీయే. స్థానిక పరిశ్రమకి మనవాళ్ల సేవ ఆ విధంగా సాగుతోంది.)

ధైర్యం చేసి అడిగినవాడి సంగతి కూడా చెప్పుకోవాలి. "ఏది?" అంటే "ఏదైనా." "చిన్నదా, పెద్దదా?" అంటే మొహం ఎర్రబడుతుంది, ఆయన అడిగింది మూడు ఉన్న పెట్టా పది ఉన్న పెట్టా అని. స్ట్రాబెర్రీ, చాక్లెట్ ఏనాడో వచ్చాయి. 2017లో ఒక కంపెనీ అచార్ రుచిలో కూడా తెచ్చింది. ఆవకాయని ఇంకా ఎవరూ పట్టించుకోలేదు, తెలుగువాళ్ల పట్ల వివక్షకి ఇదొక తార్కాణం. మనవాడు పెట్టె మీది బొమ్మ చూసి కొంటాడు. చూడాల్సింది వెనక ఉంటుంది: తయారీ తేదీ, గడువు తేదీ, మిల్లీమీటర్లలో వెడల్పు. ఆ పెట్టెని కాగితంలో చుట్టి, నల్ల కవర్లో వేసి ఇస్తారు. వీధిలో నల్ల కవర్ పట్టుకుని నడిచేవాడు ఏం కొన్నాడో అందరికీ తెలుస్తుంది, కనక రహస్యం పదిలం.

పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లున్న ఊళ్లో ఇంకా ఈ అవస్థేమిటని అడగొచ్చు. ఆ యాప్‌లోకి మనవాడు లాగిన్ అయ్యింది నాన్న నంబరుతో. ఆయన ఇవతల కందిపప్పు ఆర్డర్ చేద్దామని తెరిస్తే "మళ్లీ కొంటారా?" అంటూ పైన ఏం కనబడుతుందో ఊహించండి.

అమ్మాయి కొంటే అది వేరే శాస్త్రం. బ్యాగులో ప్యాకెట్ ఉన్న అబ్బాయి జాగ్రత్తపరుడు. అదే ప్యాకెట్ అమ్మాయి బ్యాగులో ఉంటే ఆమె గుణగణాల మీద గదిలో అర్ధరాత్రి దాకా చర్చ. ఈ చర్చకి అధ్యక్షత వహించేవాడే "అయ్యో, తేవడం మరిచిపోయా" అనేవాడు కూడా. వాడు తేడు, ఆమె తేకూడదు. 85 మార్కులు ఊరికే వస్తాయా?

ఈ సిగ్గు నిన్న మొన్నటిది కాదు, మనకి వారసత్వం. 1968లో ప్రభుత్వం నిరోధ్ అనే కండోమ్ తెచ్చినప్పుడు మూడింటికి పదిహేను పైసలు. టీ పొడి, సబ్బులు, బ్యాటరీలు అమ్మే కంపెనీల ద్వారా కిరాణా కొట్ల దాకా పంపించారు. మరుసటి ఏడాది తిరువనంతపురంలో హిందుస్థాన్ లేటెక్స్ ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. యాభై ఏళ్లు గడిచాక, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ లెక్క ఇదీ: పెళ్లయిన ఆడవాళ్లలో కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు దాదాపు 70 శాతం. కండోమ్ వాడే జంటలు ఒక్క శాతం కూడా లేరు. మగవాళ్ల ఆపరేషన్ గురించి అడగకండి, అదీ అంతే. అంటే నాన్నల తరం ఈ విషయంలో కాయకష్టమంతా అమ్మల పొట్ట మీద కోతకి వదిలేసి, తాను పేపరు చదువుకుంది. ఆ ఇంట్లో పెరిగినవాడికి కండోమ్ ఎలా తొడుక్కోవాలో ఎవరు చెబుతారు? 2000ల తొలినాళ్లలో ఎయిడ్స్ మీద అవగాహన కోసం, పులిరాజా అనే కల్పిత మనిషి పేరుతో "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అని ఉమ్మడి రాష్ట్రమంతా హోర్డింగులు పెడితే ఊరూరా జనం పులిరాజా గురించి తెగ వాకబు చేశారు. తమ గురించి వాకబు చేసుకున్నట్టు దాఖలా లేదు.

ప్రభుత్వం మాత్రం తన వంతు చేస్తూనే ఉంది. కండోమ్ మీద జీఎస్టీ సున్నా. ఆరోగ్య కేంద్రాల్లో నిరోధ్ ఉచితం. అదే ప్రభుత్వం 2017 డిసెంబరులో, వీటి ప్రకటనలు టీవీలో రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకే వేయాలని చెప్పింది. పగటిపూట మన యువత టీవీకి అతుక్కుపోయి ఉంటుందని, చేతిలో ఫోన్లుండవని దాని నమ్మకం.

ఇక కొన్నాక జరిగే నిర్వాకం. కొన్నది పర్సులో పెట్టడం ఆచారం. పర్సు వెనక జేబులో, దాని మీద మనవాడు, నాలుగు గంటల లెక్చర్లు. ఒంటి వేడికి, రాపిడికి రబ్బరు నీరసిస్తుంది. బండి సీటు కింద అరలో పెట్టినా అంతే. 30 డిగ్రీలు దాటని చోట ఉంచమంటారు. బెంగళూరు వాతావరణానికి గదిలో సొరుగు చాలు. కానీ దాన్నే బ్యాగు అడుగున పడేసి సెలవులకి బెజవాడ తీసుకెళ్లి, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ చూపించి, జూన్‌లో వెనక్కి తెచ్చి వాడితే తప్పు కంపెనీది కాదు.

వాడే ముందు ఆ చిన్న ప్యాకెట్‌ని వేళ్లతో నొక్కితే లోపల గాలి కదలాలి. చప్పగా అణిగితే ఎక్కడో చిల్లుపడి లోపలి తడి ఆరిందని అర్థం, పారేయడమే. చించేది చేత్తో, రంపపు అంచు దగ్గర. పళ్లతో చించడం చూడ్డానికి వీరోచితంగా ఉంటుంది, కానీ పన్ను దేనికి తగిలిందో చీకట్లో తెలియదు. లోపల చుట్ట ఏ వైపు విప్పుకుంటుందో చూసుకోవాలి, అంచు ఉంగరం బయటివైపు ఉండాలి. తిరగేసి పెట్టి, విప్పుకోకపోతే అదేదాన్ని తిప్పి పెట్టడం చాలామందికి తెలివైన పని అనిపిస్తుంది. అప్పటికే ఆ వైపుకి ద్రవం అంటి ఉంటుంది, తిప్పితే అదే ముందుగా లోపలికి వెళుతుంది. కొత్తది తీయాలి. ఒకే ఒక్కటి పట్టుకెళ్లడం పొదుపు కాదని చెప్పేది ఇందుకే.

అంగం గట్టిపడ్డాక, ఒకరినొకరు తాకకముందే తొడగాలి. కొసని రెండు వేళ్లతో నొక్కి గాలి తీసేసి, మొదలు దాకా విప్పాలి. కొసలో వీర్యానికి సెంటీమీటరు పైచిలుకు చోటు ఉండాలి, గాలికి కాదు. గాలి మిగిలితే ఒత్తిడికి పగులుతుంది. "మొదట కాసేపు లేకుండా, తర్వాత వేసుకుందాం" అనే మధ్యేమార్గం మనవాళ్లకి మహా ఇష్టం. జబ్బులు ఆ 'కాసేపు' అయ్యేదాకా బయట కూర్చోవు. అయ్యాక మెత్తబడకముందే, అంచు పట్టుకుని, దాంతో సహా బయటికి తీయాలి. కౌగిట్లో నిద్రపోతే అది లోపలే జారిపోతుంది. మరోసారికి మరొకటి. యోని, మలద్వారం, నోరు అంటూ మార్గం మారినా మరొకటి. రెండు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే రెట్టింపు రక్షణ అనేది మన ఎంసెట్ కోచింగ్ లెక్క. అసలు జరిగేది రాపిడికి రెండూ చిరగడం.

"నాకు టైట్‌గా ఉంటుంది" అనే ఫిర్యాదుని మాత్రం గౌరవంతో పరిశీలించాలి. 53 మిల్లీమీటర్ల వెడల్పున్న కండోమ్ పరీక్షలో కనీసం 18 లీటర్ల గాలి నిండేదాకా పగలకూడదని అంతర్జాతీయ ప్రమాణం. పీజీ వరండాలో ఉండే నీళ్ల క్యాన్ 20 లీటర్లు. దాదాపు ఆ క్యాన్ పట్టే జాగా తనకి చాలడం లేదంటున్నవాడిని మనం తప్పక వైద్య పత్రికల్లోకి ఎక్కించాలి. అయితే నిజంగా బిగుతు, వదులు ఉంటాయి. పెట్టె మీది మిల్లీమీటర్లు దాన్ని బల్లపరుపుగా పరిచినప్పటి వెడల్పు. 49 ఉంది, 53 ఉంది, అంతకంటే పెద్దవీ ఉన్నాయి. బిగుతైతే చిరుగుతుంది, వదులైతే జారుతుంది. సైజు మార్చుకోవడానికి అహం అడ్డొస్తే అది రబ్బరు లోపం కాదు.

18 లీటర్లు తట్టుకున్న ఆ రబ్బరు కొబ్బరినూనెకి నిమిషాల్లో లొంగిపోతుంది. వాజలీన్, బేబీ ఆయిల్, ఒంటికి రాసుకునే లోషన్ అన్నీ ఆ బాపతే. తడి కావాలంటే నీటితోనో సిలికాన్‌తోనో చేసిన జెల్ మాత్రమే. ఆంధ్రా మెస్‌లో భోంచేసి వచ్చినవాళ్లకి ప్రత్యేక సూచన: చెయ్యి సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి. ఆవకాయ నూనె రబ్బరు పని పడుతుంది, కారం మనిషి పని పడుతుంది.

పగిలిందనుకుందాం. అప్పుడు మనవాడు చేసేది దేవుడికి మొక్కుకుని, ఇరవై రోజులు నెట్‌లో లక్షణాలు వెతకడం. చేయాల్సింది వేరు. అమ్మాయికి గర్భం రాకుండా అత్యవసరంగా వేసుకునే లీవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర, అంటే ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 లాంటివి, డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతాయి. కలయిక జరిగినప్పటి నుంచి గడువు 72 గంటలు. ఎంత త్వరగా వేసుకుంటే అంత నయం, అండం అప్పటికే విడుదలైతే పనిచేయదు. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతయితే మళ్లీ వేసుకోవాలి. నెలసరి వారం మించి ఆలస్యమైతే పరీక్ష చేసుకోవాలి. ప్రతి వారం మింగడానికి అది విటమిన్ కాదు, పైగా జబ్బుల్ని ఆపదు. ఇంకో 72 గంటలు కూడా ఉన్నాయి, అవి వేరు. హెచ్‌ఐవీ సోకిందేమోనన్న భయం ఉంటే ఆ గడువులోపే ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు మొదలుపెట్టించుకుని 28 రోజులు వాడాలి. ఈ రెండింటినీ కలిపేసి, ఐ-పిల్ వేసింది కాబట్టి ఇద్దరూ భద్రం అనుకునేవాళ్లున్నారు. మంచి కాలేజీల్లోనే ఉన్నారు.

కండోమ్ కప్పని చోట చర్మం చర్మాన్ని తాకితే హెచ్‌పీవీ, హెర్పిస్ లాంటి వైరస్‌లు సోకే వీలు ఉంటూనే ఉంటుంది. హెచ్‌ఐవీ పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టం ఉంది, 1097కి ఫోన్ చేస్తే డబ్బులు పడవు. ఇవన్నీ ఎవరో చెప్పాలిగా? కాలేజీలో డిసెంబరు 1న, ఎయిడ్స్ దినం నాడు, ర్యాలీ చేస్తారు. చొక్కాకి ఎర్ర రిబ్బను, చేతిలో ప్లకార్డు, ముందు ప్రిన్సిపాల్. "జాగ్రత్తగా ఉందాం" అని నినాదం. దేనితో జాగ్రత్తగా ఉండాలో ఏ ప్లకార్డు మీదా ఉండదు. అతిథి డాక్టరుగారిని ముందే పక్కకి పిలిచి "కొంచెం మర్యాదగా మాట్లాడండి సార్" అని చెప్పి ఉంటారు. ఆయన మర్యాదగా మాట్లాడి, శాలువా కప్పించుకుని వెళ్లిపోతాడు.

చివరగా వాడేసినదాని సంగతి. బెంగళూరులో చెత్తకి రెండు డబ్బాలు, ఒక సంచి ఏర్పాటుంది: తడిచెత్తకి పచ్చ డబ్బా, పొడిచెత్తకి సంచి, ఇలాంటివాటికి ఎర్ర డబ్బా. ముడేసి, పాత పేపర్లో చుట్టి ఎర్రదాంట్లో వేస్తే పూర్తయింది. కానీ డబ్బాలో వేస్తే ఊడ్చే ఆవిడ చూస్తుందని సిగ్గు. అందుకని కమోడ్‌లో వేసి నీళ్లు వదులుతారు. అది కరగదు. పైపు మలుపులో తిష్ట వేస్తుంది. ఆదివారం పొద్దున మూడో అంతస్తు నీళ్లు రెండో అంతస్తులో పైకి లేస్తాయి. ప్లంబరు వస్తాడు, కడ్డీతో పొడుస్తాడు, బయటికి లాగింది అందరూ చూసేలా బకెట్లో పెడతాడు. మధ్యాహ్నానికి పీజీ వాట్సాప్ గ్రూపులో ఓనరుగారి నోటీసు: "దయచేసి టాయిలెట్లో టిష్యూ పేపర్లు వేయరాదు." కింద నలభై బొటనవేళ్లు.