ఉద్దానం అన్న ఒక్క మాటతో ఫైలు మూసేయకండి

మాది శ్రీకాకుళం జిల్లాలో, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. మా వైపు ఎవరికైనా కాళ్లు వాస్తే కారణం అడగరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలానికి వెళ్లినా అంతే. "కిడ్నీ వచ్చిందట" అని ఒకరంటారు, "అయ్యో" అని ఇంకొకరంటారు, మాట అక్కడితో అయిపోతుంది. మా చెల్లి విషయంలోనూ అలాగే అయిపోయింది. ఆ ఒక్క మాట చాటున దాని అసలు జబ్బు తొమ్మిది నెలలు దాగిపోయింది. ఆ జబ్బు పేరు లూపస్. పోస్టు పొడుగ్గా ఉంటుంది. ఉద్దానంలో ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు చివరిదాకా చదవాలని రాస్తున్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. చెల్లి కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు తీసే పనికి కుదిరింది. అప్పటికి దానికి ఇరవై మూడేళ్లు. తర్వాతి ఎండాకాలంలో మొదలైంది: వేళ్ల కణుపుల్లో నొప్పులు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, నోట్లో పుళ్లు, దువ్వెన నిండా జుట్టు. ముక్కు మీద నుంచి రెండు బుగ్గలకీ ఎర్రగా పాకింది. "జీడి తగిలుంటాది, కొబ్బరి నూనె రాయి" అన్నారు తోటి పనివాళ్లు. నిజమే, జీడిపిక్క నూనె తగిలితే చర్మం కాలుతుంది. కానీ రోజంతా జీడి ముట్టుకునే చేతులు శుభ్రంగా ఉండి బుగ్గలకే ఎందుకొచ్చిందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఊళ్లో ఆర్ఎంపీ సూది వేస్తే వారం పది రోజులు హాయిగా ఉండేది, మళ్లీ మొదలయ్యేది. అది స్టెరాయిడ్ అని ఆ తర్వాత తెలిసింది. కాళ్లు వాచాక ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తంలో క్రియాటినిన్ 1.9 వచ్చింది, కిడ్నీ పని తగ్గితే పెరిగే అంకె అది. కాగితం చూసిన ఆయన ఊరు అడిగాడు, చెప్పాను. "ఉద్దానంలో ఇది కాక మరేటొస్తాదమ్మా?" అన్నాడు. మూత్ర పరీక్ష రాయలేదు.

నాకు ఇప్పటికీ కడుపు మండేది అక్కడే. ఉద్దానం జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు గానీ, అది ఎలా ఉంటుందో డాక్టర్లకు తెలుసు. నెమ్మదిగా, చప్పుడు లేకుండా కిడ్నీని తినేస్తుంది, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. లూపస్ కిడ్నీకి పాకితే వడపోసే జల్లెడ దగ్గరే మంట పుడుతుంది. ప్రొటీన్ పోతుంది, రక్తకణాలు పోతాయి. చివరికి విశాఖపట్నం తీసుకెళ్లాం. అక్కడ మూత్రం సీసాలో ప్రొటీన్ చూసే పట్టీ ముంచినప్పుడు పక్కనే ఉన్నాను. పసుపు గడి నేను చూస్తుండగానే ముదురు ఆకుపచ్చకు తిరిగింది, అంటే ప్రొటీన్ బాగా పోతోందని. ఎంత ఖర్చండీ ఆ పట్టీకి? తొమ్మిది నెలల ముందే ముంచి ఉంటే చెల్లి కిడ్నీలో మచ్చలు కొన్నయినా పడేవి కావు.

లూపస్ అంటే మన ఒంటిని కాపాడాల్సిన శక్తి తిరగబడి మన ఒంటి మీదే పడటం. ఈ జబ్బున్న పదిమందిలో తొమ్మిది మంది ఆడవాళ్లు, అందులోనూ ఎక్కువమంది 15 నుంచి 45 ఏళ్ల లోపువాళ్లు. సుమారు 40 శాతం మందికి కిడ్నీల దాకా వెళుతుంది. మా చెల్లికి బయాప్సీలో, అంటే కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తే, క్లాస్ 4 అని వచ్చింది, జల్లెడల్లో సగానికి పైగా మంట ఉందని దానర్థం. మందు మొదలుపెట్టే రోజు డాక్టరమ్మ చాలాసేపు మాతో కూర్చున్నారు. తిరగబడిన ఆ శక్తిని అణిచే సైక్లోఫాస్ఫమైడ్ అనే మందును పాత పద్ధతిలో పెద్ద డోసు ఎక్కిస్తే అండాశయాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. పెళ్లి కావాల్సిన పిల్ల. 2002లో యూరప్‌లో 90 మంది మీద జరిగిన ట్రయల్‌లో, పదిహేను రోజులకోసారి 500 మిల్లీగ్రాములు చొప్పున ఆరుసార్లు, మొత్తం 3 గ్రాములతోనే పెద్ద డోసుకు దీటైన ఫలితం వచ్చిందట. "అది తెల్లోళ్ల మీద కదమ్మా, మనకి సరిపోతుందా?" అని అడిగాను. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రిలో మన దేశపు రోగులు వందమంది మీద ఈ చిన్న డోసునీ, అదే పని చేసే మైకోఫినోలేట్ మాత్రల్నీ పోల్చి చూశారని, 24 వారాల్లో రెండూ సమానంగా పనిచేశాయని, 2016లో అచ్చయిందని ఆవిడ చెప్పారు. మా చెల్లి చేతికి ఎక్కిన ఆ ఆరు సెలైన్ల వెనక ఆ వందమంది ఉన్నారు. క్లినికల్ ట్రయల్ అంటే నాకు ఆ రోజే అర్థమైంది.

ఇక రక్త పరీక్షల సంగతి. లూపస్ అనుమానం వస్తే మొదట చేసే ఏఎన్ఏ పరీక్ష పాజిటివ్ వచ్చిందని ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్లు నాకు తెలుసు. ఆగండి. లూపస్ ఉన్న దాదాపు అందరికీ అది పాజిటివే, కానీ 1:80 దగ్గర, అంటే రక్తాన్ని 80 రెట్లు పలచబరిచి చూస్తే, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ వందలో 13 మందికి పాజిటివ్ వస్తుంది. తలుపు తట్టడానికే అది పనికొస్తుంది. ఆ తర్వాత జబ్బును గట్టిగా తేల్చే రక్త పరీక్షలు: యాంటీ డీఎస్‌డీఎన్ఏ, జబ్బు రేగినప్పుడు తగ్గే సి3, సి4 ప్రొటీన్లు, యాంటీ ఎస్ఎం. ఈ చివరిదాని పేరులోని ఎస్ఎం అంటే స్మిత్, అది ఒక రోగి ఇంటిపేరు. 1966లో న్యూయార్క్‌లో ఆమె రక్తంలోనే దాన్ని కనిపెట్టారు. ఈ సంగతి తెలిశాక ఆ రిపోర్టును చేత్తో తడిమి చూసుకున్నాను.

బాధేమిటంటే, ఈ అంకెలు అందరికీ నిజం చెప్పవు. కొందరికి జబ్బు తిరగబెట్టే ముందే సి3 పడిపోతుంది. ఇంకొందరికి అంకెలు బాగానే ఉంటాయి, కిడ్నీ మాత్రం పాడవుతూ ఉంటుంది. అనుమానం వస్తే మళ్లీ బయాప్సీ. అందుకే శాస్త్రవేత్తలు మూత్రంలో గుర్తుల కోసం వెతుకుతున్నారు, సిడి163, ఎంసీపీ-1 అనే ప్రొటీన్ల లాంటివి. కిడ్నీలో మంట రేగినప్పుడు మూత్రంలో ఇవి పెరుగుతాయి. అలాంటి మూత్ర పరీక్ష వస్తే నగరంలో ఉన్నవాళ్లకు అది ఒక సౌకర్యం మాత్రమే. మాకు పలాసలో రైలెక్కితే విశాఖ మూడు గంటల పైమాట. ప్రతి మూడు నెలలకీ ఒక రోజు కూలి, ఇద్దరి ఛార్జీలు, టెన్షన్. సూది గుచ్చకుండా సీసాడు మూత్రంతో నిజం తెలిసే రోజొస్తే మొదట బాగుపడేది మనలాంటి వాళ్లం. అలాంటి పరిశోధనలో మన మూత్రం, మన రక్తం లేకపోతే ఎలా?

కొత్త మందుల విషయంలో నాకు కోపం ఉంది. బెలిముమాబ్ 2011లో అమెరికాలో అనుమతి పొందింది, యాభై ఏళ్లకు పైగా గడిచాక లూపస్ కోసం వచ్చిన మొదటి కొత్త మందు. దాన్ని నిరూపించిన రెండు పెద్ద ట్రయల్స్‌లో ఒకటి 13 దేశాల్లో 867 మందితో జరిగింది. అందులో భారతదేశం ఒకటి. మన ఆడవాళ్లు చేతులు చాపి సూదులు వేయించుకున్నారు. ఆ మందు ధర మాత్రం జీడిపప్పు పొట్టు తీసే పిల్ల చేతికి అందేది కాదు. 2021లో అనిఫ్రోలుమాబ్ అనే ఇంకో లూపస్ మందు వచ్చింది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఏ మందుకూ లొంగని ఇరవై ఏళ్ల అమ్మాయికి తన రోగనిరోధక కణాలనే మార్చి ఎక్కించి జబ్బు అణచగలిగారని అదే ఏడాది చదివాను. సంతోషించాను, కంట నీళ్లొచ్చాయి. కానీ మన ఇళ్లలో నడిచేది ఇవాళ్టికీ హైడ్రాక్సీక్లోరోక్విన్, ఆ పాత మలేరియా మాత్ర. 2020 మార్చిలో కరోనాకు పనిచేస్తుందని జనం ఎగబడితే కాశీబుగ్గలో నాలుగు షాపులు తిరిగినా ఒక్క స్ట్రిప్పు దొరకలేదు. చెల్లి ఉన్న మాత్రల్ని కత్తిపీట మీద సగానికి కోసుకుని మింగింది. జూన్‌కల్లా కరోనా రోగులకు దానివల్ల లాభం లేదని బ్రిటన్ ట్రయల్ తేల్చేసింది. ఆ జూన్‌లోనే చెల్లికి కీళ్లు మళ్లీ వాచాయి.

"పరిశోధన అంటే మన మీద ప్రయోగాలు చేస్తారు" అంటుంది మా అమ్మ. ఆ భయాన్ని నేను తీసిపారేయను. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు చాలా కాగితాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారు. తర్వాత జరిగిన మరణాలకు టీకాయే కారణమని విచారణ తేల్చలేదు, కానీ ఆ సంతకాల తీరును పార్లమెంటు కమిటీ 2013లో గట్టిగా తప్పుబట్టింది. అందుకే మన వాళ్లు కాగితం చూస్తే జడుస్తారు. మాకూ ఒక పెద్ద ఆసుపత్రిలో రక్తం, మూత్రం నమూనాల కోసం ఇంగ్లీషు కాగితాల కట్ట ఇచ్చి "ఇక్కడ సంతకం చాలమ్మా" అన్నారు. తెలుగులో ఇస్తేనే చదివి పెడతామన్నాను. విసుక్కున్నారు, కానీ తర్వాతిసారి వెళ్లేసరికి తెలుగుది తెచ్చారు. రాత్రి లైటు కింద చెల్లి వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివింది. "అప్పా, ఇష్టం లేకపోతే మధ్యలో మానేయొచ్చని ఉంది" అంది. పొద్దున్న సంతకం పెట్టింది. రిజిస్టరులో ఊరు రాసుకుంటూ అక్కడి అమ్మాయి "మీ వైపు నుంచి మీరే మొదటివారండి" అంది. తిరుగు రైల్లో అంతసేపూ నన్ను ఆ మాటే తొలిచింది.

మన దేశంలో ఏ ట్రయల్ అయినా ముందు సీటీఆర్ఐ అనే ట్రయల్స్ రిజిస్టరులో నమోదు కావాలి, 2009 జూన్ 15 నుంచి అది తప్పనిసరి. ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం వాళ్లే ఇవ్వాలి. ఇవి అడగండి. అడిగితే కసురుకునే చోట సంతకం పెట్టొద్దు. ఓపిగ్గా చెప్పే చోట మాత్రం భయంతో వెనక్కి రావొద్దు.

2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మనకు దగ్గర్లో ఇంతకంటే సరైన చోటు లేదు. ప్రభుత్వాన్ని నేను కోరేది పెద్దదేం కాదు. అక్కడికొచ్చే నలభై ఐదేళ్ల లోపు ప్రతి ఆడమనిషికీ మూత్రంలో ప్రొటీన్, రక్తకణాలు చూడండి. కనిపిస్తే ఏఎన్ఏ రాయండి. ఉద్దానంలో లూపస్ ఎంతమందికుందో లెక్క తీయండి. లక్నో ఎస్‌జీపీజీఐ ఆసుపత్రి ఆధ్వర్యంలో ఇన్‌స్పైర్ అనే పేరుతో కొత్తగా లూపస్ బయటపడినవాళ్ల వివరాలు, నమూనాలు దేశంలోని చాలా ఆసుపత్రుల నుంచి సేకరిస్తున్నారు. అలాంటి వాటిలో మన పిల్లల్నీ చేర్పించండి.

ఎండలోకి వెళితే మొహం ఎర్రబడి, కీళ్లు పట్టేసి, జుట్టు ఊడుతున్న పిల్ల ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, కాళ్లు వాచేదాకా ఆగకండి. ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను. రిపోర్టులు పట్టుకుని రండి. మందు చెప్పను, నాకు రాదు. డాక్టరు దగ్గర ఏ పరీక్ష పేరు చెప్పి అడగాలో కాగితం మీద రాసిస్తాను. మూత్రం పట్టీల డబ్బా కూడా ఒకటి కొని పెట్టాను.